చిట్టమ్మ వదలని కోటు

మా చెల్లెలు సత్యశ్రీ చేసే పనిని సస్టైనబుల్ ఫ్యాషన్ అంటారట. మా ఇంట్లో చిరిగిన లుంగీ మసిగుడ్డ అవుతుంది, ఆ మసిగుడ్డ బండి తుడిచే గుడ్డ అవుతుంది, ఆ తర్వాత కూడా దాన్ని పారెయ్యడానికి మా నాయనమ్మకి మనసొప్పదు. దీనికింత పెద్ద పేరుందని, పైగా పోటీలు పెడతారని నాకు తెలీదు. ముందే తెలిస్తే నాయనమ్మనే పంపేవాణ్ణి.

ఇది కొత్త డిజైనర్ల పోటీ. సీతమ్మధారలో బట్టల షాపు నడిపే రోజారమణిగారు గెలిచినవాళ్ళకి ఏడాది పాటు తన వర్క్‌షాపులో చోటు, మిషను ఇచ్చి, కుట్టినవన్నీ తన షాపులోనే అమ్మిపెడతారు. సత్య మా నాన్న స్టీలు ప్లాంటు డ్యూటీలో తొడిగి విడిచిన ఖాకీ చొక్కాలు, ప్యాంట్లు విప్పదీసి, లోపల నాయనమ్మ పాత నేతచీర వేసి, మోకాళ్ళ దాకా వచ్చే చేతుల్లేని కోటొకటి కుట్టింది. దాని నిండా జేబులే. మొదటి రౌండులో రోజారమణిగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తెలివిగా కుట్టావమ్మా. కానీ దీన్నెవరు వేసుకుంటారు?" అన్నారట.

ఆ ఒక్క మాటకి మా పిల్లకి చాన్నాళ్ళు తిండి సయించలేదు. ఫైనల్లో చెప్పడానికి ఇంగ్లీషులో జవాబు రాసుకుని బట్టీ పట్టింది. అద్దం ముందు చెప్పుకుంటుంటే తనకే నమ్మకం కుదరడం లేదని పక్క గదిలో ఉన్న నాకు తెలిసిపోయేది. పాపం అనిపించేది గానీ, నేనుగా ఆ కోటు తొడుక్కుని కూర్మన్నపాలెం జంక్షన్‌లో తిరుగుతానా అంటే, తిరగను.

ఫైనల్ రోజు పొద్దున్న షిఫ్టు దిగొచ్చి పడుకున్నానో లేదో, సత్య కేక వేసింది. దండెం మీద కోటు లేదు.

"ఏ కోటే? ఆ అతుకుల గుడ్డా?" నాయనమ్మ వంటింట్లోంచి కొత్త స్టీలు బేసిను పట్టుకుని గర్వంగా వచ్చింది. "సిట్టమ్మొత్తే ఏసేసినాను. పట్టుసీరిచ్చినా గ్లాసు మించి ఇయ్యదది. దీనికి సూడు, బేసినిచ్చింది!"

పాతబట్టలు తీసుకుని స్టీలు సామాన్లిచ్చే చిట్టమ్మని మా వీధిలో ఎరగని వాళ్ళు లేరు. సత్య ఏడవలేదు. గోడకి ఆనుకుని నేల మీద కూలబడిపోయింది. ఏడిస్తే కసురుకునేవాణ్ణి. అలా కూలబడితే కసరబుద్ధి కాలేదు. నిద్ర సంగతి వదిలేసి బండి తాళాలు తీశాను.

"మద్దేన్నం సబ్బవరం పక్కకెల్తాదిరా శంకరా," అంది నాయనమ్మ, అప్పటికి విషయం బుర్రకెక్కి బిక్కమొహం వేసుకుని. "ఈ బేసినట్టుకెళ్ళండి."

సబ్బవరం కొత్త కాలనీల్లో ఎండలో సందు సందూ తిరిగాం. చివరికి ఒక అరుగు మీద, గంప పక్కన దించుకుని చిట్టమ్మ కనిపించింది. చీర మీద మా చెల్లెలి కోటు తొడుక్కుని ఉంది.

"పెద్దమ్మా, పొరపాటైపోనాది. ఈ బేసిను తీసేసుకుని ఆ కోటిచ్చెయ్," అన్నాను.

"ఎందుకిత్తాను?" చిట్టమ్మ జేబులు ఒక్కొక్కటే తట్టి చూపించింది. "సిల్లర ఇందులో. ఫోనిందులో. మందుబిళ్ళలిందులో. ఇన్నాళ్ళూ అన్నీ బొడ్లో దోపుకుని, ఎక్కడ పడిపోతాయోనని తడుంకుంటా తిరిగినాను. నాను సచ్చినా ఇవ్వను బాబూ. కావాలంటే ఇంకో బేసినట్టుకెళ్ళు."

నాకు ఒళ్ళు మండింది. గట్టిగా అరవబోతుంటే సత్య నా చెయ్యి పట్టుకుంది. తిరిగి చూస్తే కళ్ళ నిండా నీళ్ళు, ముఖం నిండా నవ్వు.

"అన్నియ్యా, ఇన్నావా? ఇవ్వనంటంది!"

"నవ్వుతావేటే? సాయంత్రం ఏటి సూపిత్తావు?"

నా మాట వినిపించుకోకుండా వెళ్ళి చిట్టమ్మ పక్కన కూర్చుంది. "పెద్దమ్మా, నువ్వు కోటిప్పొద్దు. దాంతోనే ఒక్కపాలి నాతో బీచి రోడ్డుకొచ్చి, అందరి ముందూ నడుత్తావా?"

"మరి నా గంపో?"

"గంప కూడా తెచ్చుకో."

బండి అక్కడే ఎవరింటి ముందో పెట్టి, గంపకి, బేసినుకి, ఈ ఇద్దరికీ కలిపి ఆటో మాట్లాడాను.

ఫైనల్ జరిగే బీచి రోడ్డు హోటల్లో సన్నటి అమ్మాయిలు ఒకరి తర్వాత ఒకరు నవ్వకుండా నడిచి వెళ్ళారు. ఆ తర్వాత చిట్టమ్మ గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. వీధిలో ఇళ్ళని చూసినట్టే రెండు వైపులా కూర్చున్నవాళ్ళని చూసుకుంటూ నడిచింది. సగంలో ఫోను మోగితే జేబులోంచి తీసి, "రేపొత్తాను, పాతబట్టలు తీసుంచు," అని చెప్పి మళ్ళీ జేబులో వేసుకుంది. హాలంతా ఒకటే నవ్వులు, చప్పట్లు.

రోజారమణిగారు ముందు వరసలోంచి లేచారు. "చిట్టమ్మగారూ, ఈ కోటు కొన్నాళ్ళు మా షాపులో అద్దాల వెనక పెట్టుకుంటాం, ఇస్తారా?"

"ఇవ్వనమ్మా. రేపు బేరానికెల్లాల."

ఆవిడ సత్య వైపు తిరిగారు. "పోటీకొచ్చిన బట్ట ప్రదర్శనకి ఇవ్వాలని నియమం ఉందమ్మా. తెలుసు కదా?"

బట్టీ పట్టిన ఇంగ్లీషు ఒక్క ముక్క కూడా సత్య నోట్లోంచి రాలేదు. "అది నాది కాదండీ," అంది. "ఆవిడ కొనుక్కున్నారు. అద్దాల వెనక పెడితే దాన్నెవరు వేసుకుంటారు?"

అయిపోయిందనుకున్నాను. చేతికందింది పోగొట్టుకుంటోందని కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువగా, నా చెల్లెలని గర్వంగానూ ఉంది.

జడ్జీలు మాట్లాడుకోవడానికి లోపలికి వెళ్ళారు. మేం స్టేజీ వెనక మెట్ల మీద కూర్చున్నాం. చిట్టమ్మ గంప దించి సత్య ముందు నిలబడింది.

"ఇదిగో గుంటా, ఈ ఫోను జేబు మరీ కిందికెట్టేసినావు. వంగితే జారిపోతంది. కాస్త పైకెయ్యి."

సత్య సంచిలోంచి సూదీ దారం తీసి, మోకాళ్ళ మీద కూర్చుని జేబు కుట్లు విప్పడం మొదలుపెట్టింది. అంతలో మైకులో రోజారమణిగారి గొంతు వినిపించింది. "నియమం సంగతి మేం చూసుకుంటాం. బహుమతి సత్యశ్రీకే! సత్యశ్రీ, ఎక్కడున్నావమ్మా?"

నేను ఈల వేసేశాను. సత్య తలెత్తలేదు. దారం పళ్ళతో తెంపుతూ, "ఒక్క నిముసం ఆగమను అన్నియ్యా," అంది. "కస్టమరున్నారు."