నాలుగో దెబ్బ

సమాజమందిరం తగలబడుతోంది, అయినా ఎవరూ లేవడం లేదు. మేమందరం నేల మీద కూర్చుని లేఖనాల్లోని శోకపాటలు, విలాపవాక్యాలు, పాడుతూనే ఉన్నాం, అదీ నేను కట్టిన కొత్త బాణీలోనే, పైకప్పు రేకులు ఎర్రగా కాగి ఒక్కొక్కటే ఊడి కింద పడుతున్నాయి, రేకు పడిన చోటల్లా ఒక గొంతు ఆగిపోతోంది, పక్కనున్నవాళ్ళు ఆ చరణం అందుకుని ముందుకు పోతున్నారు. నాకు భయం వెయ్యడం లేదు, ఒళ్ళు మండుతోంది. శ్రుతి తప్పుతున్నారు దరిద్రులు. చచ్చేవాళ్ళు చావండి గానీ శ్రుతిలో ఉండి చావండి అని అరుస్తున్నాను, అరుపు బయటికి రావడం లేదు, నోట్లోంచి బూడిద రాలుతోంది.

అప్పుడు చూస్తాను వాణ్ణి. యెరూషలేములో గుడి కూలిన సంగతి మర్చిపోకుండా మా యూదులు కట్టే ప్రతి గోడలోనూ మూరెడు జాగా సున్నం వెయ్యకుండా వదిలేస్తారు, ఆ జాగా కింద నా తమ్ముడు ఆషేరు బాసిపట్లు వేసుకుని కూర్చుని డప్పు చట్రానికి తోలు బిగిస్తున్నాడు. ఆషేరు పోయి మూడేళ్ళయింది. ఆ సంగతి నాకు కలలో కూడా బాగా గుర్తుంది, ఎందుకంటే వాడి ఎడమ కన్ను ఇంకా మూసుకుపోయే ఉంది, దవడ పక్కకి జరిగే ఉంది, ఆసుపత్రి వరండాలో దుప్పటి తీసి చూపించినప్పుడు ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు, కాకపోతే నవ్వుతున్నాడు.

"అక్కా, జిగురు కాచావా?"

"ఏం జిగురు రా? కప్పు కూలి నెత్తిన పడతంటే నీకు జిగురు కావాల్సొచ్చిందా?"

"చింతగింజల జిగురే. తోలు ఆరిపోతంది. బేగి రా, ఈ అంచు పట్టుకో."

వెళ్ళకుండా ఎలా ఉంటాను? పాడుతున్నవాళ్ళ మీదుగా దాటుకుంటూ వెళ్ళి అంచు పట్టుకుంటాను. తోలు తడిగా, వెచ్చగా ఉంది, ఒక పక్క వెంట్రుకలు ఇంకా తీయలేదు, వాడు అటు లాగుతున్నాడు, నేను ఇటు లాగుతున్నాను, లాగిన కొద్దీ అందులోంచి నెత్తురు కారి నా మోచేతుల దాకా వస్తోంది. నేను వదిలెయ్యబోతే వాడు ఊరుకోడు.

"ఇది ఏ తోలు రా?" అని అడుగుతాను.

వాడి నవ్వు ఆగిపోతుంది. "నువ్వూ అదే అడుగుతావేంటక్కా? వాళ్ళూ అదే అడిగారు."

అంతే, మందిరం లేదు, గోడ లేదు, కాలవ కట్ట మీద ఉన్నాం. తుమ్మచెట్లు, ఎర్రమట్టి, వాడి సైకిలు అడ్డంగా పడి చక్రం తిరుగుతూ ఉంది, వెనక క్యారేజీకి కట్టిన దూడ తోలు సగం విప్పుకుని నీళ్ళలోకి వేలాడుతోంది. ఇక్కడే కొట్టారు వాణ్ణి. ఏ తోలు, ఆవుదేనా అని అడిగారట, గేదె దూడది, దానంతటది చచ్చిపోయింది, కొనుక్కొస్తున్నా అని చెప్పాడట, నువ్వు చెప్తే మేం నమ్మాలా అన్నారట. ఈ మూడు మాటలూ అవతలి గట్టున గడ్డి కోసుకుంటున్న ముసలాయన చెప్తేనే మాకు తెలిసింది. నేను ఆ మూడు మాటలు మూడేళ్ళుగా నములుతున్నాను.

వాళ్ళు వస్తున్నారు. మొహాలు లేవు, చొక్కాలున్నాయి, కర్రలున్నాయి, అన్నిటికంటే ఘోరం ఏంటంటే వాళ్ళు నా పాట పాడుతున్నారు. విలాపవాక్యాల్లో రెండో అధ్యాయం, వీధుల్లో పిల్లలు సొమ్మసిల్లి పడిపోయే చోటు, నేను ఆరు నెలలు హార్మోనియం ముందు కూర్చుని కట్టిన బాణీ, ఒక్క స్వరం అటూ ఇటూ కాకుండా పాడుతూ వాడి వీపు మీద, మోకాళ్ళ మీద, తల మీద కొడుతున్నారు. ఎముక విరిగిన చప్పుడు సరిగ్గా తాళం పడాల్సిన చోటే పడుతోంది.

"చూశావా," అంటాడు ఆషేరు దెబ్బలు తింటూనే, "తాళం తప్పడం లేదు. మనోళ్ళకి వందసార్లు చెప్పినా రాలా."

"నోరు ముయ్యరా!" అంటూ నేను ఎగబడతాను. ఒకడి చెయ్యి కొరికితే కండ ఊడి నోట్లోకి వస్తుంది. హార్మోనియం ఎక్కడి నుంచి వచ్చిందో నా చేతుల్లో ఉంది, ఇరవై కిలోల బరువు, రెండు చేతులతో ఎత్తి ఒకడి నెత్తిన వేస్తాను, తల పగిలి అందులోంచి ఊక రాలుతుంది. ఇంకొకణ్ణి కాలవలోకి తోసి జుట్టు పట్టుకుని ముంచుతాను, బుడగలు ఆగేదాకా వదలను. నాకు సంతోషంగా ఉంది. దాచుకోవడం దేనికి, చాలా సంతోషంగా ఉంది. లేఖనాల్లో పగ తీర్చమని అడిగిన ప్రతి మాటా నా పళ్ళ మధ్య ఉంది, ఒక్కొక్కటే ఉమ్ముతున్నాను, ఒక్కొక్కడే కూలుతున్నాడు, ఎంతమందిని కూల్చినా తోలు ఏదని అడిగే గొంతు మాత్రం ఆగడం లేదు.

"అయిందా నీ కోపం?" అంటాడు ఆషేరు.

చూస్తే కట్ట లేదు. మా ఇంటి వెనక తాత తవ్విన లందలో నడుములోతు నీళ్ళలో నిలబడి ఉన్నాం. తోళ్ళు నానబెట్టే ఆ గొయ్యిని మేం యూదులమని పైకి చెప్పుకున్న ఏడాది పూడ్చేశాం, దాని మీదే మందిరం మెట్లు కట్టాం. ఇప్పుడు అది మళ్ళీ తెరుచుకుంది, తంగేడు చెక్క నానిన ఎర్రనీళ్ళు, ఆ వాసన. నా చిన్నప్పుడు ఆ వాసనకే బళ్ళో నన్ను వెనక బెంచీలో ఒంటరిగా కూర్చోబెట్టేవాళ్ళు. ఆషేరు ఆ నీళ్ళు దోసిట్లో తీసుకుని మొహం కడుక్కుంటాడు, వాచిన కన్ను తెరుచుకుంటుంది, వాడిప్పుడు ఏడేళ్ళ పిల్లాడు, మాట మాత్రం పెద్దవాడిది.

"కడాకరు చరణం ఏం చేశావక్కా?"

ఇదీ వాడు అడగడానికి వచ్చింది. విలాపవాక్యాలు చివర్లో చాలా కటువుగా ముగుస్తాయి, మమ్మల్ని బొత్తిగా వదిలేశావా, మా మీద అంత కోపమా అని దేవుణ్ణే నిలదీసి ఆగిపోతాయి. అంత చేదు మాటతో జనాన్ని ఇంటికి పంపలేక దాని ముందున్న మంచి చరణాన్ని, మమ్మల్ని నీ దగ్గరికి తిప్పుకోమనే దాన్ని, ఇంకోసారి పాడి ముగించడం ఎక్కడి యూదులకైనా ఆచారం.

"ఏం చేస్తాను? ముందుదాన్ని మళ్ళీ పాడి ముగించాను. పెద్దలు పెట్టిన ఆచారం."

"అది కాదు. కడాకరుది ఎట్టా పాడావు?"

నేను మోచేతుల నెత్తురు ఆ ఎర్రనీళ్ళలో కడుక్కుంటాను.

"ఒక్క ఊపిర్లో పరిగెత్తించావు. నేను విన్నా. ఎవురికీ అర్థం కాకుండా మింగేశావు. నన్ను కొట్టినోళ్ళు ఏ మంచి మాటా మళ్ళీ పాడలేదక్కా. కొట్టారు, కర్రలు తుడుచుకున్నారు, పోయారు."

"అయితే ఏం చెయ్యమంటావు రా?"

"నా దెబ్బ పెట్టు అక్కడ."

వాడి దెబ్బ. మూడేళ్ళ కిందట యెరూషలేము నుంచి ఒక పెద్దాయన మా పాటలు వినడానికి వస్తున్నాడని కబురొచ్చింది. ఆయన మెచ్చి నాలుగు మాటలు రాస్తే మమ్మల్ని యూదులుగా లెక్కలోకి తీసుకుంటారని మా ముప్పై ఇళ్ళ ఆశ. విలాపవాక్యాలు చదివే ఉపవాసం రోజున వాద్యం ముట్టకూడదు, నేల మీద కూర్చోవాలి, తోలు చెప్పులు కూడా వేసుకోకూడదు. అందుకని ఆషేరు డప్పు మీద ఒక దరువు కట్టి, ఆ రోజుకి దాన్ని అరచేతులతో నేల మీద కొడదామన్నాడు. నాలుగు దెబ్బలు, నాలుగోది బరువుగా. వినగానే గుర్తుపట్టాను. మా వాళ్ళు పాడె ముందు కొట్టే దరువది.

"చావు డప్పుని దేవుడి మాటకి పెడతావా? అది విన్నాక ఆయన మనల్ని యూదులంటాడా, డప్పోళ్ళంటాడా?" అన్నాను.

"రెండూ మనమే గదక్కా," అని నవ్వాడు.

ఆ నవ్వుకి నా ఒళ్ళు తెలియలేదు. ఉల్లిపాయలు కోస్తున్న చాకు చేతిలోనే ఉంది. వాడి డప్పుని ఈ చివర నుంచి ఆ చివరకి కోసేశాను. అందరికీ తోలు పగిలిందని చెప్పాను, వాడు ఒక్క మాట కూడా కాదనలేదు, మర్నాడు పొద్దున్నే కొత్త తోలు కోసం సైకిలు మీద వెళ్ళాడు.

లందలో నీళ్ళు పెరుగుతున్నాయి, ఛాతీ దాకా వచ్చాయి. ఆషేరు నా కుడిచెయ్యి పట్టుకుని నీళ్ళ మీద కొట్టిస్తున్నాడు, నీళ్ళు నేలలాగే గట్టిగా ఉన్నాయి. ఒకటి. రెండు. మూడు. నాలుగోదానికి నా చెయ్యి పైనే ఆగిపోతుంది. చూస్తే అందులో చాకు ఉంది.

"మళ్ళీ కొట్టు," అంటాడు. ఒకటి, రెండు, మూడు. చాకు.

"మొదటి మూడూ వాళ్ళయ్యి," అంటాడు మెల్లగా. "నాలుగోది నీది. అది లేకపోతే దరువు నిలబడదు."

"నేను నిన్ను చంపలేదు రా!" నేను వాణ్ణి కొడతాను, చెంప మీద, భుజాల మీద, పసిపిల్లాడని కూడా చూడకుండా కొడతాను, కొట్టిన చోటల్లా కొత్త తోలు మోగినట్టు మోగుతున్నాడు. "నేను చంపలేదు! తోలు కొనుక్కురమ్మని నేను పంపానా? కాలవ కట్ట మీద పొమ్మన్నానా? అన్నానా?"

"చంపావని ఎవురన్నారు?" అంటాడు వాడు, పెదవి పగిలి నెత్తురు కారుతుంటే. "కోశావంటున్నా. కోశానని చెప్పు."

"నీకు తెలిసిందే గదా!"

"నాకెందుకక్కా? నేను ఆ పక్కనే కూర్చుని చూశా గదా. అమ్మకి చెప్పు."

నీళ్ళు నోట్లోకి వస్తున్నాయి, వాడి చిన్న చేతులు నా తల మీద ఉన్నాయి, పైకి లాగుతున్నాడో కిందికి తొక్కుతున్నాడో తెలియడం లేదు, ఎర్రనీళ్ళలోంచి వాడి గొంతు లెక్కపెడుతోంది, ఒకటి, రెండు, మూడు, నేను చెయ్యి ఎత్తుతున్నాను, ఎత్తుతున్నాను...

"కెతూరా! ఏమే కెతూరా!"

కళ్ళు తెరిచేసరికి ఎండ ఇంకా గడప మీదే ఉంది. గోడకి చేరగిలబడి కూర్చున్న చోటే నిద్రపోయాను. పొద్దు గూకితే ఉపవాసం మొదలు, దానికి ముందు నేల మీద కూర్చుని ఉడికించిన గుడ్డు బూడిదలో అద్దుకుని తినాలి, ఆ బూడిద పళ్ళెం నా పక్కన బోర్లా పడి ఉంది. ఎదురుగా అమ్మ గుడ్డు వలుస్తోంది. అమ్మ పేరు సువార్తమ్మ. చర్చి పేర్లు వదిలి మేమంతా యూదుల పేర్లు పెట్టుకున్నా తను మార్చుకోలేదు, డెబ్భై ఏళ్ళు పలికిన పేరు దేవుడికి గుర్తుండదా అంటుంది.

"ఏందే, నిద్దట్లో నేలని అట్టా బాదతన్నావు?"

కిందికి చూశాను. నల్లటి గచ్చు మీద నా అరచేతి అచ్చులు, బూడిదతో. మూడు వరసగా, ఒక చెయ్యి పట్టేంత ఖాళీ, మళ్ళీ మూడు.

"మూడు కొట్టి ఆగతన్నావు," అంది అమ్మ. "వాడు నాలుగు కొట్టేవాడు గదా."

ఇప్పుడు కాకపోతే ఇంకో మూడేళ్ళయినా చెప్పలేనని నాకు తెలుసు.

"అమ్మా, ఆ డప్పు పగల్లేదు. నేనే కోశాను. చాకుతో."

అమ్మ తలెత్తలేదు. గుడ్డు మీద మిగిలిన పెంకు గోటితో గీకి తీసింది.

"తెలుసు."

"తెలుసా?"

"పగిలిన తోలు అంచు పీచులు పీచులుగా ఉంటది. కోసింది తిన్నగా ఉంటది. తోలుపని చేసే ఇంట్లో పుట్టినదాన్ని, నాకు తెలవదా?"

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదమ్మా?"

"నువ్వు చెప్తావని." అమ్మ గుడ్డు పక్కన పెట్టి, పమిట కొంగుతో కళ్ళు ఒత్తుకుని, ముందుకి జరిగి నా కుడిచెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే ఆమె గోళ్ళు దిగి నొప్పి పుట్టింది. కొడుతుందేమో అనుకున్నాను, కొడితే బాగుండనుకున్నాను. నా అరచేతిని బూడిదలో అద్ది, మూడో అచ్చు పక్కనున్న ఖాళీ జాగా చూపించింది.

కొట్టాను.

"అది కాదు," అంది అమ్మ. "గట్టిగా కొట్టు."