రెండో తెల్లగింజ

హన్నమ్మ కోడిగుడ్లు ఒలుస్తుండగా ఫోన్ మోగింది. నంద్యాలలో పుట్టింట ఉన్న భార్యాబిడ్డల్ని చూడటానికి వెళ్ళిన కొడుకు రూబెన్.

"అమ్మా, సిరి కండ్ల రంగు తేలింది. అచ్చం నీ కండ్లే."

ఆళ్ళగడ్డ అంగన్‌వాడీలో ఆయా హన్నమ్మ. తేనెరంగు కళ్ళు. వాటిని చూసి జనం నవ్వుతారని చిన్నప్పటి నుంచీ తల వంచుకునే మాట్లాడుతుంది. పెళ్ళి ఫోటోలో కూడా కాలివేళ్ళనే చూస్తూ నిలబడింది. ఇప్పుడు మాత్రం గుడ్డు పట్టుకునే పకపకా నవ్వింది.

అంతలో వియ్యపురాలు సలోమి ఫోన్ అందుకుంది. "వదినా, మా తట్టు ఎవురికీ పిల్లికండ్లు లేవు. ఆడబిడ్డకు ఈ కండ్లేందీ? పదిమందీ ఎగతాళి చేయరా?"

హన్నమ్మ నవ్వు ఆగిపోయింది. తను పడిందంతా ఆరునెలల పసిదానికి అంటగట్టానా అనుకుంది.

అన్నం వడ్డిస్తుంటే నాలుగేళ్ళ లావణ్య ఆమె గడ్డం పట్టి పైకెత్తింది. "ఆయా, నీ కండ్లేంది, బెల్లంపాకం మాదిరుండాయి?"

ఇందాకటి ఫోన్ మాటలు విన్న టీచర్ నిర్మల, పిల్లలు ఆడుకునే చింతగింజలు తెచ్చింది. కొన్ని నల్లవి, కొన్ని గచ్చుమీద అరగదీసిన తెల్లవి.

"అమ్మ ఒక గింజ ఇస్తాది, నాయన ఒకటి ఇస్తాడు. రెండిట్లో ఒకటి నల్లదైనా నల్లకండ్లే. తెల్లది దాని చాటున దాక్కుంటాది. రెండూ తెల్లవైతేనే ఆయా కండ్లు. పెద్దయినాక ఇంకా చదువుకుందురు."

"మా రూబెన్‌వి నల్లకండ్లే గదా, టీచరమ్మా?"

"నీ తెల్లగింజ వాని దగ్గర దాక్కోనుండె. ఇప్పుడు సిరికి ఇచ్చినాడు."

హన్నమ్మ గరిటె కింద పెట్టింది. "మరి రెండోది?"

"నీ కోడలు ఫెబాది."

హన్నమ్మ వెంటనే సలోమికి ఫోన్ చేసి గింజల సంగతంతా చెప్పింది. "మీ తట్టు గూడా ఎవురో ఉండాల, వదినా."

"అవుకు ఊర్లో మా అవ్వ ఉండె," అంది సలోమి మెల్లగా. "ఆమెవీ ఇట్లాంటివే. నేను ఎట్ల మర్చిపోయినానో. ఆమెను ఎగతాళి చేసినోడు మళ్ళా ఆ వీధిలో తిరగల్యా. నీ మాదిరి నేల చూపులు కాదులే."

ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు.

"సిరిని ఎవురన్నా ఒక మాట అంటే నా నోరు చూస్తారు," అంది సలోమి.

పిల్లలు ఇళ్ళకు వెళ్ళగానే హన్నమ్మ చెప్పులు వేసుకుంది. "రేపు సెలవు గావాల, టీచరమ్మా. నంద్యాల పోతాండా. సిరిని ఎత్తుకోని ఫోటో దిగాల, కండ్లు బాగా తెరిచి."

ఆమె వెళ్ళాక నిర్మల చూస్తే, హన్నమ్మ మధ్యాహ్నం తినడానికి ఇంటినుంచి తెచ్చుకున్న సంగటి డబ్బా మూతైనా తీయకుండా కిటికీలో ఉంది.