గాజు తలుపు మీద ఫోటో

కొరియాలోని గున్సాన్ చేపల రేవు వెనక వీధిలో మల్సున్ కూరల కొట్టు పెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పుడు ఆ కొట్లో మనిషి ఉండడు. ఆమె చీకటితోనే వెనక తలుపు తీసుకుని వచ్చి, కిమ్చీ, నెత్తళ్ళ వేపుడు, ముల్లంగి కూర చేసి డబ్బాలకెత్తి, అద్దాల బీరువాలో సర్ది ఇంటికి వెళ్ళిపోతుంది. వచ్చినవాళ్ళు కావలసిన డబ్బా తీసుకుని గుమ్మం పక్కనున్న మిషనుకి చూపించి, కార్డు గీకి పోవాలి. పైనుంచి కెమెరాలు చూస్తుంటాయి.

ఇదంతా ఆమె భర్త గిచోల్ చేసిన ఏర్పాటు. ఓడల కార్ఖానాలో ఉద్యోగం అయిపోయాక అతనికి మిషన్ల పిచ్చి పట్టుకుంది. ఇంట్లో దీపాలు, పరదాలు, అన్నం కుక్కరు అన్నీ అతని ఫోను చెప్పినట్టు వింటాయి. మల్సున్ చెప్తే వినవు. కొట్టుకి మిషను తెచ్చిన కొత్తలో ఆమెకి నేర్పాలని చూశాడు. ఆమె ఒకటి నొక్కితే ఇంకొకటి వచ్చేది. వెనక్కి రావడం తెలిసేది కాదు. అతను పక్కన నిలబడితే చాలు, ఏది నొక్కాలో మర్చిపోయేది. చివరికి అతనే విసుగెత్తి, నీ వేళ్ళకి ముల్లంగి కొయ్యడమే తెలుసు, వండి ఇంటికొచ్చెయ్, మిగతాది నేను చూసుకుంటానన్నాడు. అప్పట్నుంచి పొద్దస్తమానం సోఫాలో కూర్చుని ఫోన్లో కొట్టుని చూస్తూ ఉంటాడు.

ఆ రోజు మల్సున్ వంట ముగించి వీధిలోకి వచ్చేసరికి గాజు తలుపుకి ఒక కాగితం అంటించి ఉంది. ముందు రోజు సాయంత్రం గిచోల్ అంటించి వెళ్ళినట్టున్నాడు. పైన రంగు ఫోటో. కింద పెద్ద అక్షరాలు: డబ్బు కట్టకుండా సరుకు ఎత్తుకుపోయిన ఈ మనిషి వెంటనే రాకపోతే పోలీసులకు చెప్తాం. చట్టానికి భయపడి ముఖం మాత్రం మసక చేశాడు. కానీ నేలకేసి వంగిపోయిన ఆ నడుము, ఊదారంగు గుడ్డముక్కలు అతుకేసి కుట్టుకున్న ఆ దూది కూరిన చొక్కా ఆ పేటలో ఇంకెవరికీ లేవు.

జొమ్‌రే అక్క. కొట్టు తెరిచిన నాటినుంచీ వస్తున్న మనిషి. మల్సున్ తల్లి పోయినప్పుడు, చెప్పకుండానే వచ్చి కర్మలయ్యేదాకా కొట్టు నడిపింది. ఆమెకి పళ్ళు ఊడిపోయాకే మల్సున్ ముల్లంగిని అంత మెత్తగా ఉడికించడం మొదలుపెట్టింది.

మల్సున్‌ గోళ్ళతో కాగితం అంచు గీకడం మొదలుపెట్టింది.

"దాన్ని ముట్టుకోకు."

కొట్టు పైకప్పులోని కెమెరా స్పీకర్లోంచి గిచోల్ గొంతు వచ్చింది. ఆమె తలెత్తి పైకప్పుతోనే మాట్లాడింది.

"ఈమె ఎవరో మీకు తెలీదా?"

"తెలుసు. డబ్బా తీసుకుంది, డబ్బు కట్టలేదు. మిషన్లో అంతా ఉంది."

"పెట్టేముందు నన్నొక్క మాట అడగొచ్చుగా."

"నిన్నడిగి ఏం లాభం? నువ్వక్కడ లేవుగా."

రేవుకి పోతున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆగి, పైకప్పుతో పోట్లాడుతున్న ఆమెను చూసి ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. మల్సున్ కాగితాన్ని చింపి ఉండచుట్టి ఇంటికి వెళ్ళింది.

గిచోల్ తలెత్తలేదు. పేట వాళ్ళ ఫోన్ గ్రూపులో ఫోటో రాత్రే పెట్టేశాననీ, కాగితం చింపితే ఒరిగేదేమీ లేదనీ చెప్పాడు. తలుపు మీదిదైతే గోళ్ళకి అందింది. అందరి ఫోన్లలో ఉన్నదాన్ని ఎక్కడ గీకాలో ఆమెకు తెలియలేదు. ఆ కెమెరా రికార్డు నాకూ చూపించమంది. అతను వేగంగా తిప్పాడు. జొమ్‌రే అక్క కోడిలా గెంతుతూ వచ్చి గెంతుతూ పోయింది.

"మెల్లగా పెట్టండి. మనిషి నడిచినట్టు."

పెట్టాడు. ముసలామె ముల్లంగి డబ్బా తీసుకుని మిషనుకి చూపించింది. తెర వెలిగింది. అక్కడా ఇక్కడా నొక్కింది. లోజేబులోంచి ఐదువేల వోన్ నోటు తీసి, దాన్ని దూర్చడానికి సందు కోసం మిషను చుట్టూ తడిమింది. సందు లేదు. వంటగది వైపు తిరిగి పెదాలు కదిపింది. రికార్డులో శబ్దం లేకపోయినా, చెల్లీ అని పిలుస్తోందని మల్సున్‌కి తెలిసింది. ఎవరూ రాలేదు. చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత కెమెరాను చూసింది. నోటు పైకెత్తి దానికి చూపించింది, వంటగది వైపు వేలు చూపించింది, తన గుండె మీద తట్టుకుంది. వంగిన నడుముని ఇంకా వంచి కెమెరాకు రెండుసార్లు దండం పెట్టి, డబ్బా పట్టుకుని వెళ్ళిపోయింది.

"ఇదంతా మీరు చూశారా?"

"చూశా."

"చూసే పెట్టారా?"

"దండం పెడితే బిల్లు తెగుతుందా? ఈవిణ్ణి వదిలేస్తే రేపు ఊరంతా వచ్చి దండాలు పెట్టి పోతారు."

మల్సున్ ఏప్రాన్ విప్పి అతని ఒళ్ళో పడేసింది.

"అది ఎక్కడ నొక్కితే పోతుందో నొక్కండి. అందాకా నేను పొయ్యి వెలిగించను."

నడుస్తూ నడుస్తూ ఆగిపోయిన మిషనుని చూసినట్టు గిచోల్ ఆమెను చూశాడు. కాసేపటికి ఏదో నొక్కి ఫోను ఆమె ముఖం ముందు పెట్టాడు. చూడు, లేదు, అసలు పెట్టనట్టే అన్నాడు. అతని మటుకు అది అక్కడితో అయిపోయింది.

మల్సున్ ముల్లంగి డబ్బా ఒకటి తీసుకుని జొమ్‌రే అక్క ఉండే పాత మేడకి వెళ్ళింది. మెట్ల దగ్గర పక్కింటావిడ చెప్పింది. ఇంచోన్‌లో ఉన్న కోడలి ఫోనుకి కూడా ఆ ఫోటో ఎవరో పంపారట. రాత్రే ఫోన్ చేసి, మా పిల్లల ముఖం చూడాలనుకుంటున్నారా లేదా అని అడిగిందట. ముసలామె అప్పట్నుంచి తలుపు తీయలేదట.

మల్సున్ పిలవగా పిలవగా తలుపు గొలుసు ఆపినంత మేర తెరుచుకుంది. ఆ సందులోంచి తోమిన ఖాళీ డబ్బా, దాని మీద మడతపెట్టిన నోటు బయటికి వచ్చాయి.

"తప్పయిపోయింది ఓనరమ్మగారూ. ఇచ్చేద్దామనే అనుకున్నానండీ."

"అక్కా, నేను మల్సున్‌ని."

"తెలుసండీ."

ఇన్నేళ్ళలో ఆ నోట ఆమె ఎన్నడూ అండీ అన్న మాట వినలేదు. తీసుకోనంది. సందులో ముసలి చేతులు అలాగే ఉండిపోయాయి.

"తీసుకోండి. అదుగో, ఆ మూల పైన ఈ మేడ వాళ్ళ కెమెరా ఉంది. దానికి కనపడేలా తీసుకోండమ్మా, పుణ్యముంటుంది."

మల్సున్ తీసుకుంది. తను తెచ్చిన డబ్బా సందు దగ్గరికి జరిపింది.

"మెత్తగా ఉడికించాను అక్కా."

"వద్దండీ. ఈమధ్య ముల్లంగి తినట్లేదు" అంది జొమ్‌రే, ఆమె తల మీదుగా ఆ మూలకేసి చూస్తూ. తలుపు మెల్లగా మూసుకుంది.