నానబెట్టిన జత

మా ఆయన పదకొండేళ్ళు సైన్యంలో, పద్దెనిమిదేళ్ళు బూట్ల వ్యాపారంలో ఉండి, పోయిన ఎన్నికల్లో పార్లమెంటుకి వెళ్ళాడు. ఎక్కడున్నా ఆ మొండితనమే, ఉడుం పట్టు. ప్రతి సరుకులోంచీ ఒక జత తీసి, బకెట్లో నానబెట్టి, తొడుక్కుని సాయంత్రం దాకా నడిచాకే లారీ కదలనిచ్చేవాడు. ఆయన ఎంపీ అయ్యాక ఫ్యాక్టరీ నా నెత్తిన పడింది. అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగుతుందా? ఆ నడక మానేశాను.

ఈసారి సైన్యం ఆర్డరు, నాలుగు వేల జతలు. సోమవారం చేరకపోతే ఆర్డరు పోతుంది, అది పోతే ఫ్యాక్టరీ మూతే. వానలకి జిగురు సరిగ్గా ఆరలేదని ఫోర్‌మన్ గొణిగాడు. "నీ సణుగుడు ఆపవయ్యా" అన్నాను. తనిఖీకొచ్చిన ఆఫీసరు పెట్టె మూత కూడా తియ్యలేదు. "ఎంపీ గారి సరుకు, విప్పి చూడాలా మేడమ్?" అని సంతకం పెట్టేశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది, దాచడం దేనికి.

శనివారం ఆయన వచ్చాడు. సంచీ దించకుండానే ఒక జత బకెట్లో వేశాడు. ఆదివారం పొద్దున్నే తొడుక్కుని బయల్దేరి, మధ్యాహ్నానికే ఫ్యాక్టరీకి తిరిగొచ్చాడు. కుడి బూటు అడుగు అట్ట ఊడి నోరు తెరిచింది.

"నాలుగు వేలల్లో ఒకటి. అంతమాత్రానికి కొంప ముంచుకుంటామా? ఆఫీసరే చూడలేదు" అన్నాను.

"ఎందుకు చూడలేదు?"

"మీ పేరు చూసి."

ఆయన కూర్చుని కుడికాలి మేజోడు విప్పాడు. ఇన్నేళ్ళలో నలుగురి ముందూ ఎప్పుడూ విప్పలేదు. ఫోర్‌మన్ తల దించుకున్నాడు. ఆ కాలికి మూడు వేళ్ళే, మిగతావి యుద్ధంలో మంచుకి పోయాయి.

"నా బూట్లు కూడా ఎవరో పెద్దమనిషి పేరు చూసి పాసు చేసినవే. నాకూ అందులో ఒక్క జతే వచ్చింది" అన్నాడు.

నా మీద నాకే ఒళ్ళు మండింది. "లారీ ఆపు. అన్నీ విప్పి, దారంతో కుట్టండి" అన్నాను ఫోర్‌మన్‌తో. తప్పు మాదేనని, ఎంపీ పేరు చూసి ఏదీ వదిలెయ్యొద్దని సైన్యానికి నేనే రాశాను. మర్నాడు ఆయన అదే మాట సభలో లేచి చెప్పాడు.

ఆర్డరు మొత్తం పోలేదు గానీ, సగానికి తెగింది. సరుకు సిద్ధమైన రోజు ఆయన ఊళ్ళో లేడు. ఒక జత నేనే నానబెట్టాను. బాగా పెద్దవి, ముందు భాగంలో గుడ్డలు కుక్కి తొడుక్కున్నాను.

"మీరెందుకమ్మా?" అన్నాడు ఫోర్‌మన్.

"నాకింకా పది వేళ్ళున్నాయి" అని గేటు దాటాను.