విన్నది విన్నట్టు

ముప్పై నాలుగేళ్ళు రైల్వే సిగ్నల్ కేబిన్‌లో లివర్లు లాగిన మనిషికి ఒక అలవాటు ఎముకల్లోకి దిగిపోయింది. పక్క స్టేషన్ నుంచి ఫోన్‌లో ఏ కబురొచ్చినా విన్నది విన్నట్టు తిరిగి అప్పజెప్పాలి. అవతలివాడు ‘అవును’ అన్నాకే లివరు మీద చెయ్యి వెయ్యాలి. అర్థం కాకపోతే ‘మళ్ళీ చెప్పండి’ అనాలి. అందులో సిగ్గుపడేదేమీ లేదు. సిగ్గుపడితే రెండు బళ్ళు ఒకే పట్టాల మీదికి వస్తాయి.

ఆ సిగ్గేదో రిటైరయ్యాక పట్టుకుంది పెద్దాయనకు. భార్య పోయాక మందుల షాపు మీదున్న రెండు గదుల్లో ఒంటరిగా ఉంటున్నాడు. రోజు మొత్తం మీద ఆయనకంటూ వచ్చే కబురు ఒక్కటే. వేరే ఊళ్ళో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మనవరాలు, కూతురి కూతురు, ఫోన్‌లో పంపే మెసేజి. ఆ పిల్ల మాటలు రాయదు. మూడు ఇంగ్లీషు అక్షరాలు రాస్తుంది, బుద్ధి పుడితే నాలుగు. ఆయనకు ఒక్క ముక్క బోధపడితే ఒట్టు. అడిగితే, తాతయ్యకేమీ తెలీదనుకుని రాయడమే మానేస్తుందేమోనని భయం. అందుకని పాత విద్యే ప్రయోగించాడు. వచ్చిన అక్షరాలను వచ్చినట్టే తిరిగి కొట్టి పంపేవాడు. పిల్ల మురిసిపోయి, తాతయ్యకు అన్నీ తెలుసమ్మా అని తల్లితో చెప్పిందట. ఆ సంగతి కూతురి నోట విన్నాక రెండు రోజులు ఆయన కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఒక మంగళవారం సాయంత్రం ఎప్పటికన్నా పొడుగాటి మెసేజి వచ్చింది. టీబీహెచ్, నోబడీ ఐఆర్ఎల్, ఐడీకే, హెచ్ఎంయూ. కళ్ళజోడు సర్దుకుని, ఒంటివేలితో, ఒక్క అక్షరం పొల్లుపోకుండా తిరిగి పంపాడు.

ఆ తర్వాత పిల్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. బుధవారం లేదు, గురువారం లేదు. పెద్దాయన ఫోన్‌ను పొయ్యి పక్కన పెట్టుకుని వండుకున్నాడు, కంచం పక్కన పెట్టుకుని తిన్నాడు. స్నానానికి వెళ్తే తలుపు ఓరగా తీసే ఉంచాడు.

శనివారం పొద్దున సిగ్గు చంపుకుని కిందికి దిగి, మందుల షాపు అమ్మాయికి ఫోన్ చూపించాడు. ఆమె చదివి చెప్పింది.

“నిజం చెప్పాలంటే ఇక్కడ నాకెవరూ లేరు, ఏం చెయ్యాలో తెలీట్లేదు, ఒకసారి ఫోన్ చెయ్యి అని రాసిందండీ.”

ఆ కిందే ఆయన పంపిన జవాబు కూడా ఆమె కంటబడింది. ఫోన్ మెల్లగా ఆయన చేతిలో పెట్టేసింది.

పెద్దాయన అక్కడే మెట్ల మీద కూలబడి ఫోన్ చేశాడు. చాలాసేపు మోగాక పిల్ల ఎత్తింది. ఏం లేదులే తాతయ్యా, అయిపోయింది అంది. నువ్వు కూడా వెక్కిరించావనుకున్నా అని గొణిగింది.

“నాకు అర్థం కాలేదమ్మా,” అన్నాడాయన. “ఆ రోజే కాదు, ఎప్పుడూ కాలేదు. మళ్ళీ చెప్పు. మాటల్లో చెప్పు.”

అటువైపు గిన్నెల చప్పుడు వినిపించింది. హాస్టల్లో టిఫిన్ల వేళ కాబోలు.

“నాతో ఎవరూ మాట్లాడరు తాతయ్యా.”

“నీతో ఎవరూ మాట్లాడరు,” అన్నాడు అలవాటుగా.

“రోజూ ఒక్కదాన్నే కూర్చుని తింటా.”

ఆయన తిరిగి చెప్పబోయి ఆగిపోయాడు. ముప్పై నాలుగేళ్ళలో ఏ కబురు దగ్గరా అలా ఆగిపోయింది లేదు.

“తాతయ్యా, ఉన్నావా?”

“రోజూ ఒక్కదానివే కూర్చుని తింటావు,” అన్నాడు చివరికి.

“అవును,” అంది పిల్ల.