ముందు వరుస

...అయినా ఆ ఆదివారం బాపు ముఖానికి పౌడరు రాసింది తనే కదా. ఆయన వద్దనలేదు. చిన్నపిల్లవాడిలా కళ్లు మూసుకుని గడ్డం పైకెత్తాడు. మూడు నెలలుగా ఆ ముఖమే షారోన్‌ను వెంటాడుతోంది.

మందమర్రి చర్చిలో ఆరాధన మొదలవబోతోంది. ఆడవాళ్ల వైపు ముందు వరుసలో, ఫోను స్టాండుకు ఎదురుగా ఆమె కూర్చుంది. ఆమె పాడే పాటలు ఈమధ్య ఆ ఫోనులోంచి లైవుగా వెళుతున్నాయి.

ఆమె తండ్రి మొగిలి బొగ్గు బావిలో పనిచేసి రిటైరైన మనిషి. ఒకనాడు బావిలో పైకప్పు కూలితే, పారిపోకుండా వెనక్కి వెళ్లి తోటి కార్మికుడు బాలమల్లును లాక్కొచ్చాడు. గాయాలు మానాయి. వాటిలో చేరిన బొగ్గుపొడి మాత్రం ముఖమంతా నీలి మచ్చలై నిలిచిపోయింది.

లైవు మొదలయ్యాక షారోన్‌కు ఆ మచ్చలు చూస్తే సిగ్గనిపించింది. ఆమె రాసిన పౌడరు చెమటకు చారలు కట్టింది. లైవు చూసినవాళ్లు కింద ఎగతాళిగా కామెంట్లు రాశారు. ఇంటికొచ్చి, “బాపూ, జర ఎనుక కూసో. ఫోన్ల మంచిగ పడుతలేదు,” అంది.

“గంతేనా బిడ్డా! గీ మొకంతోని నేను హీరోనయితనా?” అని ఆయన నవ్వాడు.

అప్పటి నుంచి ఆయన చెప్పులు విడిచే గుమ్మం దగ్గర కూర్చుంటున్నాడు. ఆమె పాటకు ఇన్నాళ్లూ ఆయన వాయించిన డోలక్ ఇప్పుడు బెన్నీ అనే కుర్రాడు వాయిస్తున్నాడు. బెన్నీ తాళం తప్పడు. కానీ ఆమె ఊపిరి తీసుకునే చోట, ఆమె కోసం ఒక్క క్షణం ఆగే చేతులు అవి కావు. రోజూ కళ్లెదుట తిరిగే మనిషి కోసం ఇంత బెంగ ఉంటుందని ఆమెకు తెలియదు.

పక్కనున్న భూమవ్వ, బాలమల్లు భార్య, మోచేత్తో పొడిచింది. “మీ బాపు ఏం తప్పు జేసిండే? గట్ల మూలకు కూసుంటుండు?”

“తప్పేం లేదవ్వా. గా ఫోన్ల మచ్చలు...”

“మచ్చలా? గా మొకానికి గవి పడ్డ దినమే నా ఇల్లు నిలవడ్డది పిల్లా!”

షారోన్ తల దించుకుంది. మనిషి పైరూపం చూస్తాడు, దేవుడు హృదయం చూస్తాడు అని ఆమె చిన్నప్పటి నుంచి వింటూనే ఉంది. విన్నామే కాని, దేవుడు చూసేదాన్ని గుమ్మం దగ్గర వదిలి, మనుషులు చూసేదాన్ని ఆయన సన్నిధిలో ముందు కూర్చోబెడుతున్నాం అనుకుంది.

పాస్టరు అయ్యగారు పాట సంఖ్య చెప్పారు. షారోన్ లేచింది. మగవాళ్ల చాపలు దాటి గుమ్మం దాకా వెళ్లింది.

“ఏమాయె బిడ్డా? లైవు నడుస్తుంది,” అన్నాడు మొగిలి కంగారుగా.

“నడవనీ.”

వంగి ఆయన చెయ్యి పట్టుకుని లేపింది.