కొండ కస్టమర్ వేషం

స్టాఫ్ ఒకరి మీద ఒకరు పళ్లు నూరుకుంటున్నారని, నర్సీపట్నంలోని ఆ ఫ్రిజ్‌ల షోరూం ఓనరు విశాఖ నుంచి ఒక ట్రైనరమ్మను పిలిపించాడు. ఆవిడ మధ్యాహ్నం షట్టరు సగం దింపించి, వాషింగ్ మెషీన్లు పక్కకు జరిపించి, అందర్నీ గుండ్రంగా నిలబెట్టింది. ఆట సులువే. ఒకరు ఏదో ఒక వేషం మొదలుపెట్టాలి. మధ్యలో ఇంకొకరు దూరి, నువ్వు నాకు ఫలానా అంటే కాదనకూడదు. అదే వరసలో నడిపించాలి.

"ముందు ఎవరు?" అనగానే మన్మథరావు ముందుకొచ్చాడు. రాక చస్తాడా? అందరికంటే సీనియర్ సేల్స్‌మన్, పైగా మిమిక్రీ పిచ్చి. నలుగురు నవ్వితే చాలు, ఒళ్లు మరిచిపోయే మనిషి.

ఆ ఉదయమే సోమలమ్మ అతన్ని ఒక సాయం అడిగింది. కొండ మీది ఊరి నుంచి వచ్చి ఈ మధ్యే పనిలో చేరిన పిల్ల ఆమె.

"అన్నా, ఆదివారం మా నాన్న ఫ్రిజ్ కొనడానికి వస్తన్నాడు. నాను పని సేసే సోటు సూడాలంట. ఎవురితో మాట్లాడాలన్నా బయపడతాడు. మీ దగ్గరికే పంపుతాను."

"నువ్వు బెంగెట్టుకోకు. నాను సూసుకుంటాను కదా!" అన్నాడు మన్మథరావు, గుండె మీద చెయ్యేసుకుని మరీ.

మధ్యాహ్నానికి ఆ మాట గాలికి పోయింది. మెళ్లో తువ్వాలు వేసుకుని, అద్దాల తలుపు బయటే బూట్లు విప్పేసి, మునివేళ్ల మీద నడుచుకుంటూ లోపలికొచ్చాడు. కొండ నుంచి దిగే పెద్దవాళ్లు షోరూంలోకి అలాగే వస్తారు. ఎవరూ వద్దని చెప్పరు, వెనకాల నవ్వుకుంటారు. ఫ్రిజ్ తలుపు తీసి ఉలిక్కిపడ్డాడు. "ఓలమ్మో! ఇందల దీపం ఎవురెట్టినారు బాబూ?" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. ఆ నవ్వుకి ఊపొచ్చి, ఫ్రిజ్‌కి దండం కూడా పెట్టాడు.

అప్పుడు సోమలమ్మ ఆటలోకి దూరింది. తిన్నగా తలుపు దగ్గరికెళ్లి, అతని బూట్లు చేత్తో పట్టుకొచ్చి, కాళ్ల దగ్గర పెట్టింది.

"నాన్నా, ఏసుకో. ఇక్కడ ఇప్పక్కర్లేదు."

మన్మథరావు ఆ బూట్ల వంక చూశాడు. వరస కాదనకూడదు. అవునని ఏ మొహం పెట్టుకుని అంటాడు? సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. బూట్లో కాలు పెట్టబోయి పెట్టలేక అలాగే నిలబడిపోయాడు.

"సూపర్! ఎంత సహజంగా చేశారో ఇద్దరూ!" అని ట్రైనరమ్మ చప్పట్లు కొట్టింది. మిగతావాళ్లూ కొట్టారు. ఆ చప్పట్లు ఒక్కొక్కటీ అతని చెంప మీద పడ్డాయి.

టీ ఇచ్చినప్పుడు అందరూ అవతలికెళ్లేదాకా ఆగి, మన్మథరావు సోమలమ్మ దగ్గరికి వెళ్లాడు.

"తప్పైపోయిందమ్మా. నవ్వులకి సేసినాను."

"తప్పేటన్నా? అచ్చం మా నాన్నలాగే సేసినారు." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది అతనికి.

"ఆదివారం రానీ. నానే దగ్గరుండి అన్నీ సూపిస్తాను. ఎవుడైనా నవ్వితే నన్నడుగు."

"నాన్నకి ఇప్పుడే ఫోన్ సేసీసినానన్నా," అంది సోమలమ్మ, టీ గ్లాసు కింద పెట్టి. "ఆదివారం షాపు సెలవని సెప్పీసినాను."